రాయగడలో కూర్చుని తెలుగు బ్లాగు రాస్తే ఎవరు చదువుతారు?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ముందు చెప్తాను. మీది రాయగడ. ఎనిమిది నెలల నుంచి తెలుగులో బ్లాగు రాస్తున్నారు. నలభై ఒక్క టపాలు (పోస్టులు) అయ్యాయి. రోజుకి ఇరవై, ముప్పై వ్యూస్ కనిపిస్తున్నాయి గానీ అందులో సగం మీవేనని మీకే అనుమానం. కామెంట్లు మొత్తం మూడు వచ్చాయి, అందులో ఒకటి మీ పిన్నిగారిది. "ఒడిశాలో కూర్చుని తెలుగులో రాస్తే చదివేదెవరు? యూట్యూబ్‌కి మారిపోనా, లేకపోతే హైదరాబాద్ వాళ్ళకి నచ్చేవి రాయనా?" అన్నది ప్రశ్న.

నా జవాబు: రెండూ వద్దు. మీ ఊరి చుట్టూ వంద కిలోమీటర్లలో మీకు తెలిసి, బయటివాళ్ళకి తెలియనివి రాయండి. చదివినవాళ్ళు చెప్పిన మాటని మళ్ళీ అదే టపాలోకి ఎక్కించండి. నాకు పాఠకులు వచ్చింది మొదటిదాని వల్ల, నిలిచింది రెండోదాని వల్ల. మిగతా సంగతులు (టెంప్లేటు, లోగో, రోజుకో టపా) తర్వాత చూసుకోవచ్చు.

నాది పర్లాకిమిడి, మీలాగే ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు ఊరు. చిన్న జిరాక్స్ షాపు ఉంది, ఫారాలు నింపిపెడతాను, ఫొటోలు తీస్తాను. 2009 నుంచి బ్లాగు రాస్తున్నాను. మధ్యలో రెండుసార్లు మానేశాను, ఒకసారి పేరే పోగొట్టుకున్నాను (ఆ గొడవ కింద చెప్తాను). నాకేదో లక్షల్లో పాఠకులున్నారని అనుకోకండి. కానీ ఒక టపా పెడితే రెండు రోజుల్లో పదిహేను, ఇరవై మంది ఏదో ఒకటి రాస్తారు. మన జిల్లాల్లో తెలుగు బ్లాగుకి అది తక్కువేమీ కాదు.

మీరు లింకు ఇచ్చారు కాబట్టి అన్నీ తిరగేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్తాను, నొచ్చుకోకండి. కొత్త ఫోన్ల మీద పదకొండు టపాలు, సినిమాల మీద తొమ్మిది, "జీవితంలో గెలవాలంటే" రకం ఆరు ఉన్నాయి. ఫోను గురించి రాసే పని ఆ ఫోను చేతిలో ఉన్నవాళ్ళు వీడియో తీసి మరీ చేస్తున్నారు. సినిమా గురించి మొదటి ఆట అయ్యేసరికే వంద మంది రాసేస్తారు. వాళ్ళతో మీరు పోటీ పడలేరు, పడాల్సిన అవసరమూ లేదు. ఆ నలభై ఒకటిలో ఒక్క టపా మాత్రం నేను రెండుసార్లు చదివాను. చైత్ర పండగకి మజ్జిగౌరమ్మ గుడికి మీ అమ్మమ్మ మిమ్మల్ని తీసుకెళ్ళడం, జనంలో చెప్పులు పోవడం, ఆవిడ తన చెప్పులు మీకిచ్చి తను ఉత్తకాళ్ళతో నడిచి రావడం. ఉన్న మూడు కామెంట్లలో రెండు దాని కిందే ఉన్నాయి, చూసుకున్నారా?

ఇలాంటి పొరపాటు నేను మొదట్లో ఇంకా ఘోరంగా చేశాను. అప్పట్లో తెలుగు బ్లాగులకి మంచి రోజులు. కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినులు (అందరి బ్లాగుల కొత్త టపాలనీ ఒకచోట చూపించే సైట్లు) ఉండేవి. లేఖినిలో (ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు చేసిపెట్టే సైటు) టైపు చేసి టపా పెట్టగానే అక్కడ పేరు కనిపించేది, గంటలో పది మంది వచ్చి చూసేవారు. ఆ పదిమందీ బ్లాగరులే. నేను వాళ్ళకి కామెంటు, వాళ్ళు నాకు కామెంటు, పెళ్ళిలో చదివింపుల్లాగ. అదే పాఠకాదరణ అనుకున్నాను. తర్వాత జనం ఫేస్‌బుక్‌కి వెళ్ళిపోయారు, 2013లో, బ్లాగులన్నీ ఒకచోట చదువుకునే గూగుల్ రీడర్ కూడా మూసేశారు. ఒక్కసారిగా నా బ్లాగులో చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. అప్పుడు తెలిసింది, నాకు పాఠకులు అంటూ ఎవరూ లేరని.

మళ్ళీ మొదలుపెట్టింది షాపు కౌంటరు దగ్గర. రోజూ అవే ప్రశ్నలు. గుణుపురం నుంచి విశాఖ ప్యాసింజరు ఇక్కడికి ఎన్నింటికి వస్తుంది? సరిహద్దు అవతల, ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో ఆధార్ మార్చితే ఇక్కడ రేషన్‌కి ఇబ్బందా? మా కులం ఆంధ్రాలో బీసీ, ఇక్కడ సర్టిఫికెట్ ఇవ్వనంటున్నారు, ఎందుకు? (ఒక రాష్ట్రం జాబితాలో ఉన్న కులం పక్క రాష్ట్రం జాబితాలో ఉండాలని లేదు. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది రెండు మూడు నెలలు తిరిగారో!) చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి, ఒకరోజు ఆ జవాబులన్నీ బ్లాగులో రాసి, అడిగినవాళ్ళకి లింకు పంపడం మొదలుపెట్టాను. ఆ టపాల్లో అందం లేదు, అలంకారం లేదు. కానీ నా బ్లాగుకి తెలియనివాళ్ళు వచ్చింది వాటి వల్లే.

అంచేత మీ మొదటి పని: పదిహేను రోజులపాటు మిమ్మల్ని జనం నోటితో అడిగిన ప్రశ్నలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. వాళ్ళ మాటల్లోనే రాసుకోండి, మీరు సవరించకండి. టపా పేరు కూడా ఆ మాటలతోనే పెట్టాలి. "సరిహద్దు ప్రాంత ప్రజల రవాణా సమస్యలు" అని పెడితే దేవుడు కూడా వెతకడు. "గుణుపురం రైలు పర్లాకిమిడికి ఎన్నింటికి వస్తుంది" అంటే వెతుకుతారు. గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఉచితంగా ఒకటుంది. మీ బ్లాగుని అందులో కలిపితే ఏ మాటలు కొట్టి జనం మీ దగ్గరికి వచ్చారో చూపిస్తుంది. నాకు వచ్చినవాళ్ళలో చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టినవాళ్ళే. అందుకని టపా అడుగున ఒక్క వాక్యం అలా కూడా రాసి ఉంచుతాను. చూడ్డానికి బాగోదు గానీ పనిచేస్తుంది.

ఇలాంటి టపాలతో ఒక జాగ్రత్త. రైలు వేళలు మారతాయి, ఫారాలు మారతాయి. టపా పైనే "ఈ వివరాలు ఫలానా నెలలో సరిచూసినవి" అని రాయండి. నేను రాయకపోవడం వల్ల ఒక పెద్దాయన పాత వేళ చూసుకుని స్టేషన్‌కి వచ్చి నాలుగు గంటలు కూర్చున్నారు. తిన్నగా షాపుకొచ్చి తిట్టారు. తిట్టడం న్యాయమే.

ఇప్పుడు పాఠకుల సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్ నుంచి సలహాలిచ్చేవాళ్ళకి మన పరిస్థితి తెలియదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన ప్రాంతాలు ఇటు వచ్చాయి. ఇళ్ళలో తెలుగు మిగిలింది, బడిలో ఒడియా వచ్చింది. ఫలితం ఏమిటంటే మీ వీధిలోనూ మా వీధిలోనూ గడగడా తెలుగు మాట్లాడేవాళ్ళలో ఎంతోమంది తెలుగు చదవలేరు. గుణింతాలు కూడబలుక్కుని చదివేవాళ్ళు కొందరు, అసలు రానివాళ్ళు కొందరు. మా తమ్ముడి కూతురు ఉంది, ఇరవై రెండేళ్ళు. నా బ్లాగు గురించి అందరికీ గొప్పగా చెప్తుంది. ఒకరోజు అడిగితే ఒక్క టపా కూడా చదవలేదట. "పెదనాన్నా, నాకు చదవడం రాదు కదా" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. అన్నేళ్ళూ ఆ సంగతే ఆలోచించలేదు.

ఆ రాత్రే ఒక టపాని ఫోనులో చదివి రికార్డు చేశాను. నాలుగు నిమిషాలు వచ్చింది. మధ్యలో కుక్క అరుపు కూడా పడింది. వాట్సాప్‌లో మా వాళ్ళ గ్రూపుకి పంపి, కింద లింకు పెట్టాను. మర్నాడు పొద్దున్న షాపు ఎదురుగా టీ కొట్టు దగ్గర నా గొంతు నాకే వినిపించింది. ఆటో అతను వినిపిస్తున్నాడు, నలుగురు నిలబడి వింటున్నారు. "ఏటి బాబూ, ఆ తర్వాతేటయ్యింది, సగంలో ఆపేసినావు?" అని అడిగాడు. నేను సగంలో ఆపలేదు, టపా అంతే. కానీ అతనికి కథ అవలేదు. అతను అడిగిందానికి జవాబుగా రెండో భాగం రాశాను. అప్పటినుంచి ప్రతి టపాకీ పైన ఒక ఆడియో ఉంటుంది. మీరు యూట్యూబ్ అన్నారు కదా, మీకు కావలసింది ఇదేనేమో చూడండి. కెమెరా, లైట్లు, ఎడిటింగు టెన్షన్ ఏమీ లేకుండా, రాసినదాన్నే మీ గొంతుతో చదవడం. గట్టిగా చదివితే ఇంకో లాభం ఉంది. నోరు తిరగని వాక్యం ఎక్కడుందో అక్కడే పట్టుబడుతుంది.

భాష గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్ళో మేష్టారుగా పనిచేశారు. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని ఊరూరా తిరిగి పోట్లాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం. ఏటా ఆ రోజున నేనూ ఒక టపా రాసేవాణ్ణి, "ఆ మహనీయుని ఆశయసాధనకు పునరంకితులమవుదాం" అంటూ. నాలుగో ఏడు ఒక అజ్ఞాత వచ్చి, "బాబూ, ఇది ఆయన చదివితే మిమ్మల్నే ముందు తన్నేవాడు" అని రాసిపోయాడు. ఆ కామెంటు ఇప్పటికీ అలాగే ఉంచాను. మీ టపాల్లో కూడా "నిమిత్తం", "దృష్ట్యా", "తద్వారా" చాలా కనిపించాయి. అమ్మమ్మ చెప్పుల టపాలో ఒక్కటీ లేదు.

చదవగలిగినవాళ్ళు ఎక్కడున్నారంటే ఎక్కువగా బయట. విశాఖలో, హైదరాబాద్‌లో, భిలాయ్‌లో, రైల్వే కోసం వెళ్ళి స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో. వీళ్ళకి రైలు వేళలు అక్కర్లేదు. ఊరు కావాలి. పాత సినిమా హాలు ఎక్కడుండేది, ఫలానా మిఠాయి కొట్టు ఇంకా ఉందా, కొమ్ముతో బొమ్మలు చేసేవాళ్ళ వీధిలో ఇప్పుడు ఎంతమంది మిగిలారు. వీళ్ళు ఒకసారి వచ్చారంటే వదలరు, పైగా వాళ్ళ దగ్గర మనకి తెలియని సరుకు ఉంటుంది. ఆ సరుకు బయటికి లాగడమే అసలు పని. దానికి ఒక ఉదాహరణ చెప్తాను.

నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు ఉండేది. రాజావారి కాలంలో, 1900లో మొదలైంది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆపేసి, పెద్ద లైనుగా మార్చారు. ఇవన్నీ పోగుచేసి చాలా కష్టపడి ఒక పెద్ద టపా రాశాను. చివర్లో "మీ అమూల్యమైన అభిప్రాయాలు తెలియజేయగలరు" అని పెట్టాను. ఎవరూ ఏ అమూల్యమైనదీ తెలియజేయలేదు. రెండు కామెంట్లు: "బాగుంది", "మంచి సమాచారం".

ఏడాది తర్వాత అదే టపాని సగానికి కోసి, మళ్ళీ పెట్టాను. ఈసారి చివర్లో నాలుగే మాటలు: "మీరు ఏ స్టేషన్‌లో ఎక్కేవారు?" వారంలో అరవైకి పైగా వచ్చాయి. టెంబూరు అని ఒకరు, కాశీనగర్ అని ఒకరు, పాతపట్నంలో నడుస్తున్న బండి దిగి మళ్ళీ పరిగెత్తి ఎక్కేవాళ్ళమని ఒకరు. ఆ ఒక్క పేరు రాయడానికి వచ్చినవాళ్ళు పేరుతో ఆగలేదు, పక్కన నాలుగు వాక్యాలు రాశారు. "మీ అభిప్రాయం చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు, పరీక్ష రాసినట్టుంటుంది. ఒక్క మాటలో చెప్పగలిగే ప్రశ్న అడగండి. ఏ వీధి? ఎంత ధర? మీ ఇంట్లో దాన్ని ఏమని పిలుస్తారు? ఉదాహరణకి మన దగ్గర అక్కని కొందరు అప్ప అంటారు, కొందరు అక్క అంటారు. ఆ ఒక్క మాట అడిగి చూడండి, ఎంతమంది వస్తారో.

అదే టపాలో ఒక ఫొటో పెట్టి కింద "టెంబూరు స్టేషన్" అని రాశాను. ఒకావిడ రాశారు, "ఇది టెంబూరు కాదండి, కాశీనగర్. వెనక కనిపిస్తున్న వేపచెట్టు మా నాన్న నాటింది. ఆయన అక్కడ గ్యాంగ్‌మేన్." నాకు సిగ్గేసింది, ఆనందమూ కలిగింది. నిశ్శబ్దంగా పేరు మార్చేసి ఊరుకోవచ్చు. అలా చెయ్యలేదు. ఫొటో కింద తప్పుని కొట్టేసినట్టు గీత పెట్టి, పక్కన సరైన పేరు, తేదీ, "ఈ సంగతి చెప్పినది ఆ చెట్టు నాటినాయన కూతురు" అని రాశాను. ఆవిడ ఆ లింకుని తన అన్నదమ్ములందరికీ పంపారు. వాళ్ళు ఇంకో ముగ్గురికి. ఇప్పటికి ఆ టపాలో నేను రాసినదానికన్నా పాఠకులు చెప్పగా చేర్చినదే ఎక్కువ. వాళ్ళ మాట టపాలో కనిపిస్తే అది వాళ్ళ టపా అయిపోతుంది. చుట్టాలకి చూపించుకుంటారు. అంతకన్నా పెద్ద ప్రచారం నేను ఎక్కడా చూడలేదు.

కామెంట్లకి జవాబు గురించి కొన్ని ముక్కలు. ఒక్కరోజులో ఇవ్వండి. "ధన్యవాదాలు" అని వదిలేస్తే సంభాషణ అక్కడే చచ్చిపోతుంది, తిరిగి ఒకటి అడగండి. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా, మధ్యలో ఒడియా కలిపినా, అక్షరదోషాలున్నా దిద్దకండి. మొదట్లో నేను దిద్దేవాణ్ణి, పంతులుగిరీ. ఒకాయన మళ్ళీ రాలేదు. ఇంకో ముఖ్యమైన సంగతి, మీ బ్లాగులో కామెంటు పెట్టాలంటే గూగుల్ ఖాతాతో లాగిన్ అవ్వాలని సెట్టింగు పెట్టారు. తీసేయండి. అజ్ఞాతలకి తలుపు తీసి, మీరు చూసి ఒప్పుకున్నాకే కనిపించేలా పెట్టుకోండి. మన అత్తలు, మావయ్యలు పాస్‌వర్డు గుర్తు తెచ్చుకుని మరీ కామెంటు రాయరు.

అజ్ఞాతల్లో దుర్మార్గులూ ఉంటారు. కొటియా పల్లెల గురించి ఒకసారి రాశాను. రెండు రాష్ట్రాలూ మావంటే మావనే ఊళ్ళు అవి, మీకు నాకన్నా బాగా తెలుసు. రాత్రికి రాత్రి అటువాళ్ళూ ఇటువాళ్ళూ వచ్చి కొట్టుకున్నారు, మధ్యలో నన్ను ఇద్దరూ ద్రోహి అన్నారు. రెండు రోజులు కామెంట్లు మూసేశాను. అప్పటినుంచి నా నియమం ఒక్కటే. నన్నూ, నా రాతనూ ఎంతైనా తిట్టొచ్చు. కులాన్నీ, ఊరినీ, భాషనీ అంటే తీసేస్తాను, వాదించను. అది బ్లాగులో పక్కనే రాసి పెట్టాను. అలాంటి విషయాలు రాయొద్దని చెప్పను గానీ, మీకు నిలకడగా వచ్చేవాళ్ళు ఓ యాభై మంది అయ్యేదాకా ఆగండి. గొడవొచ్చినప్పుడు సర్దిచెప్పేది వాళ్ళే.

ఎన్ని రోజులకొకటి రాయాలి? వారానికి ఒకటి చాలు, కానీ ఒకే రోజు రావాలి. నాది శనివారం రాత్రి, షాపు కట్టేశాక. రెండు వారాలు వరసగా రాకపోతే "ఒంట్లో బాగుందా" అని ఫోన్లు వస్తాయి. సంత ఏ రోజో తెలియకపోతే సంతకి ఎవరొస్తారు?

టపా పెట్టిన సంగతి వాళ్ళకి తెలియాలి కదా. పూర్వం ఫీడ్‌బర్నర్ ద్వారా ఈమెయిలు వెళ్ళేది, 2021లో ఆ ఈమెయిలు సౌకర్యం ఆపేశారు. ఆపేముందు చిరునామాల జాబితా దింపుకున్నాను కాబట్టి బతికాను, దింపుకోనివాళ్ళకి ఉన్న పాఠకులూ పోయారు. ఇప్పుడు నాకు పనికొచ్చేది వాట్సాప్. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించరు, పైగా మీ నంబరు వాళ్ళ ఫోనులో సేవ్ అయి ఉంటేనే వాళ్ళకి చేరుతుంది. గ్రూపులో వెయ్యిమంది దాకా పడతారు గానీ పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్య మీ టపా కొట్టుకుపోతుంది. 2023లో ఛానెళ్ళు వచ్చాయి, అక్కడ మీరు తప్ప ఎవరూ పంపలేరు, ఎవరి నంబరూ ఇంకొకరికి కనిపించదు. ఆడవాళ్ళు నంబరు బయటపడుతుందని గ్రూపుల్లో చేరరు, ఛానెల్ అయితే చేరారు. నేను అందులో టపా లింకు, ఆడియో, అంతే. వారానికి ఒక్కసారి. ఎక్కువ పంపితే మ్యూట్ చేస్తారు.

సాంకేతిక విషయాలు త్వరగా. ఫోనుతో తీసిన ఫొటో నాలుగైదు ఎంబీ ఉంటుంది, అలాగే ఎక్కించేస్తున్నారు. కొండ ఊళ్ళలో సిగ్నల్ ఎలా ఉంటుందో తెలుసు కదా, పేజీ తెరుచుకునేలోపు మూసేస్తారు. రెండు వందల కేబీకి తగ్గించి పెట్టండి. మీ నల్లటి నేపథ్యం మీద పసుపు అక్షరాలు మార్చండి, తెల్లకాగితం మీద నల్లక్షరాలే మేలు. పెద్దవాళ్ళు పాత డీటీపీ అను ఫాంట్లలో వ్యాసాలు ఇస్తే అవి నేరుగా అతికించకండి, అక్షరాలు పిచ్చిగీతలవుతాయి. యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక వత్తులు ఒకసారి చూసుకోవాలి. గూగుల్ వాళ్ళ బ్లాగర్ స్టాట్స్‌లో మీ సొంత వ్యూస్ లెక్కపెట్టకుండా చేసుకునే వీలుంది, అది పెట్టుకోండి. సంఖ్య తగ్గి మనసు కొంచెం చివుక్కుమంటుంది, కానీ నిజం తెలుస్తుంది.

నా బ్లాగు పేరు పోయిన సంగతి చెప్తానన్నాను. సొంత డొమైన్ కొనుక్కున్నాను, ఏడాదికి వెయ్యి లోపు. గడువు అయిపోతోందని ఆ కంపెనీ పంపిన ఈమెయిళ్ళన్నీ నేను వాడని పాత చిరునామాకి వెళ్ళాయి. తెలిసేసరికి గడువు దాటి, ఆ పేరు ఇంకెవరో కొనేసి పేకాట ప్రకటనలు పెట్టారు. జనాల ఫోన్లలో ఉన్న నా పాత లింకు నొక్కితే పేకాట వస్తోంది. మా మేనత్త ఫోన్ చేసి "ఇదేం పనిరా" అంది. టపాలు పోలేదు, పేరుకి పేరూ, లింకులూ పోయాయి. కొత్త పేరుతో మళ్ళీ జనాన్ని కూడగట్టడానికి ఏడాదిన్నర పట్టింది. డొమైన్ కొంటే ఆటో రెన్యువల్ పెట్టండి, వాడే ఈమెయిలే ఇవ్వండి. మూడు నెలలకోసారి బ్లాగు బ్యాకప్ దింపుకోండి. ఆ ఫైలులో రాతలూ కామెంట్లూ వస్తాయి, ఫొటోలు రావు. అవి వేరుగా దాచుకోవాలి.

డబ్బు గురించి మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. 2018 నుంచి యాడ్‌సెన్స్ (బ్లాగులో గూగుల్ ప్రకటనలు వేసి డబ్బిచ్చే ఏర్పాటు) తెలుగు బ్లాగులకి కూడా ఇస్తున్నారు. పది డాలర్లు దాటాక చిరునామా సరిచూడ్డానికి పిన్ కార్డు పోస్టులో వస్తుంది, మా ఊరికి రావడానికి నెలపైనే పట్టింది. వంద డాలర్లు అయితేగానీ చేతికివ్వరు. నాకు మొదటి వంద అవడానికి పద్నాలుగు నెలలు. దానికన్నా మా బజారులో ఇద్దరు వ్యాపారులు నెలకి చెరో ఐదు వందలు ఇస్తామన్నారు, వాళ్ళ బోర్డు ఫొటో టపా అడుగున పెడతాను. అది ప్రకటన అని స్పష్టంగా రాస్తాను. డొమైన్‌కీ, నెట్‌కీ పోను టీ ఖర్చు మిగులుతుంది. దీని మీద బతుకుదామని ఉద్యోగం మానకండి.

ఈమధ్య ఏఐతో రాయించేస్తే రోజుకో టపా పెట్టొచ్చు కదా అని షాపులో కుర్రాళ్ళు అడుగుతున్నారు. నేనూ చేసి చూశాను. మా ఊరి గురించి రాయమంటే ఏ ఊరికైనా సరిపోయేలా రాసింది. ఒక్కచోట కూడా ఎవరూ "అది కాదండి" అని దిద్దడానికి వీల్లేని రాత. దిద్దడానికి ఏమీ లేనిచోట మాట్లాడ్డానికీ ఏమీ ఉండదు. అక్షరదోషాలు చూసుకోవడానికి వాడండి, దాంతో నాకు పేచీ లేదు.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఫోన్ల టపాలూ, గెలుపు టపాలూ డ్రాఫ్ట్‌లోకి పెట్టేయండి, చెరపక్కర్లేదు. మజ్జిగౌరమ్మ పండగ టపాని మళ్ళీ తీసి, మొదటి పేరాలో ఉన్న ఆలయ చరిత్రని కిందికి జరిపి, చెప్పులు పోయిన చోటినుంచి మొదలెట్టండి. మీ గొంతుతో చదివి పైన పెట్టండి, వీలైతే అమ్మమ్మగారి చేత రెండు మాటలు అనిపించండి. చివర్లో ఒక్క ప్రశ్న. ఏం అడగాలో తోచకపోతే ఇది అడగండి: "పండగకి మీరు ఏ ఊరి నుంచి, దేనిమీద వచ్చేవారు?"

పెట్టాక లింకు ఇక్కడే వేయండి. మా అమ్మది గుణుపురం. చిన్నప్పుడు ఎడ్లబండి మీద ఆ పండగకి వచ్చేవాళ్ళమనీ, దారిలో ఒక రాత్రి ఎక్కడో ఆగేవాళ్ళమనీ చెప్పేది. ఎక్కడో నాకు గుర్తులేదు, అడుగుదామంటే ఆవిడ లేదు. మీ అమ్మమ్మగారికి తెలిసి ఉండొచ్చు. మొదటి కామెంటు నాదే, ఆ ప్రశ్నతో.